ఒకరు చెప్పమన్నారు, ఒకరు చూడమన్నారు

నా కుడి చెయ్యి పనిచేయడం మానేసిన రోజు కోర్టులో ఒక సరిహద్దు తగాదా నడుస్తోంది. సాక్షి మాచవరం వైపు రైతు. నేను నరసరావుపేటలో కోర్టు స్టెనోని. సాక్షి చెప్పింది జడ్జిగారు మళ్ళీ చెబుతారు, నేను టైపు చేస్తాను. పదిహేడేళ్ళుగా అదే పని. "గట్టు మీది తుమ్మచెట్టు మా తాతల కాలం నాటిది" అన్న వాక్యం మధ్యలో నా వేళ్ళు ఆగిపోయాయి. నొప్పి లేదు, తిమ్మిరి కూడా కాదు. ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా చెయ్యి కీబోర్డు మీద పడి ఉంది.

జడ్జిగారు అదే వాక్యం రెండోసారి చెప్పారు. మూడోసారి చెప్పబోయి నా మొహం చూసి, "ఏమైందమ్మా?" అన్నారు. నేను ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను.

"రావటం లేదండీ" అన్నాను.

"ఏది?"

"చెయ్యి."

అప్పటికి మా అమ్మాయి పోయి ఏడు నెలలు.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టిన పిల్ల. ఒక్కతే. గుంటూరులో హాస్టల్లో ఉండి ఫార్మసీ చదివేది. పద్దెనిమిది నిండి రెండు నెలలు కాలేదు. వానాకాలం జ్వరాలు ఊరూరా ఉన్నాయి. గురువారం పొద్దున వార్డెన్ ఫోన్ చేసి, పిల్లకు జ్వరం ఎక్కువగా ఉంది, ఆసుపత్రిలో చేర్పించాం రమ్మంది. మేమిద్దరం బస్సెక్కి వెళ్ళాం. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. ఎక్కించారు. శుక్రవారం కొంచెం తేరుకున్నట్టే కనపడింది, ఇడ్లీ అడిగింది. ఆదివారం మధ్యాహ్నానికి అంతా అయిపోయింది.

మా ఆయన నరసరావుపేట పక్క ఊళ్ళో హైస్కూల్లో సైన్సు మాస్టారు. పెద్దదినం కాగానే బడికి వెళ్ళిపోయారు. నెల తిరగకముందే తోటి మాస్టారొకరు ఆయన్ని మాచర్ల దాటాక సాగర్ ఒడ్డున ఉన్న ఒక బౌద్ధ ధ్యాన కేంద్రానికి తీసుకెళ్ళారు. అక్కడ పది రోజులు ఎవరితోనూ మాట్లాడకూడదు. కూర్చుని ఊపిరిని చూసుకోవడమే పని. ఆయన చిక్కి, తేటగా తిరిగొచ్చారు. ఇక అప్పట్నుంచి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ముందుగదిలో చాప వేసుకుని కూర్చునేవారు. కూరలో ఉప్పు లేకపోయినా తినేవారు. పలకరించడానికి వచ్చినవాళ్ళు అమ్మాయి పేరెత్తితే, "వచ్చింది పోయేదే గదా" అనేవారు. వాళ్ళు బయటికి పోతూ, "గట్టి గుండెరా అయ్యా మాస్టారిది" అనుకునేవాళ్ళు.

ఆయన ఏడవలేదు. శ్మశానం నుంచి తిరిగొచ్చిన రోజు కూడా ఏడవలేదు. అది నాకు గుండెలో ముల్లులా ఉండిపోయింది.

చెయ్యి చూపించుకోవడానికి గుంటూరు వెళ్ళాను. నరాల డాక్టరు తీగలు తగిలించి పరీక్షలన్నీ చేసి, "నరాలు చక్కగా ఉన్నాయమ్మా" అన్నాడు. ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగాడు. చెప్పాను. ఆయన ఒక చీటీ రాసిచ్చి, మీ ఊళ్ళోనే ఒక పెద్దావిడ ఉంది, ఆవిడ దగ్గరికి వెళ్ళమన్నాడు.

ఆవిడకు డెబ్భై దాటాయి. బొంబాయిలో చానా ఏళ్ళు పనిచేసి, భర్త పోయాక పుట్టిన ఊరు వచ్చేసిందట. మందులు పెద్దగా రాయదు. మనోవిశ్లేషణ ఆవిడ చదువు. మా కోర్టు బంట్రోతులు ఆవిణ్ణి మాటల డాక్టరు అంటారు. ఇంటి మేడ మీద ఒక గది. అందులో ఒక దివాను, దాని తలవైపు ఒక కుర్చీ.

"ఇక్కడ పడుకోండి. నేను వెనక కూర్చుంటాను. మనసులోకి ఏదొస్తే అది చెప్పండి. ఏరొద్దు" అంది.

"ఏరొద్దంటే?"

"బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరొద్దు. రాయి వస్తే రాయే చెప్పండి."

నేను పడుకోలేదు. పట్టపగలు పరాయి ఇంట్లో పడుకోవడం మాకు అలవాటు లేదు. నెల రోజులు ఆ దివాను అంచునే కూర్చున్నాను. గురువారం గురువారం వెళ్ళేదాన్ని. ఏం చెప్పానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కోర్టు సంగతులు, వాయిదాలు, ఇంటి ముందు కాలువ తీయని సంగతి. ఆవిడ వినేది. అంతే. ఇతరులు చెప్పింది పదిహేడేళ్ళు రాసిన మనిషిని నేను. ఎదుటివాళ్ళు ఊరికే వింటుంటే ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

ఒకరోజు మా ఆయన మీద కోపం వచ్చి, "కన్న కూతురు పోతే కంట్లో చుక్క నీళ్ళు రాలేదండీ ఆయనకు" అన్నాను.

"మీకు?" అంది ఆవిడ.

"నేను ఏడుస్తానే ఉన్నాగా."

"ఎప్పుడు ఏడ్చారు?"

చెప్పబోయాను. ఆసుపత్రి గుర్తు చేసుకున్నాను. అంబులెన్సు గుర్తు చేసుకున్నాను. వాకిట్లో జనం, పెద్దదినం రోజు వంటలు. ఎక్కడా నేను ఏడ్చినట్టు గుర్తు రాలేదు. అందరికీ కాఫీలు ఇచ్చినట్టు మాత్రం గుర్తుంది. ఆ రోజు మొదటిసారి దివాను మీద పడుకున్నాను. కప్పు వంక చూస్తూ ఏమీ మాట్లాడకుండా గంటంతా గడిపి వచ్చాను.

ఇంట్లో మాత్రం తగువులు మొదలయ్యాయి. గురువారం నేను వాడిన మొహంతో వస్తే మా ఆయన చూసేవారు. ఒక సాయంత్రం ఉండబట్టలేక అన్నారు.

"ఏందే ఇది? వారం వారం పోయి పుండు గెలుక్కొని వస్తున్నావు. గెలికితే మానుద్దా?"

"మీరు కట్టుకట్టి కూర్చున్నారుగా. మానిందా?"

"నాకేం బాధ లేదు."

"అదే నేను అడిగేది. ఎందుకు లేదు?"

ఆయన చాప పరుచుకుని కళ్ళు మూసుకున్నారు. ఆ కళ్ళు మూసుకోవడం చూస్తే మొహం మీద తలుపేసినట్టు ఉండేది. ఆ చాప లాగి అవతల పారెయ్యాలనిపించింది. చెయ్యి లేవలేదు.

ఆయన అక్కడ ఏం నేర్చుకుని వచ్చారో చూడాలనిపించింది. దసరా సెలవుల్లో నేనూ ఆ ధ్యాన కేంద్రానికి వెళ్ళాను. డాక్టరమ్మకు చెబితే వద్దనలేదు. "అక్కడ ఏం జరిగినా మర్చిపోకుండా వచ్చి చెప్పండి" అంది.

అక్కడి పెద్ద ఒక ముసలి భిక్షువు. నది అవతల నల్లగొండ వైపు మనిషి. చీవరం కట్టకముందు లారీ నడిపేవారట. అందరూ భంతే అనేవారు. మొదటి రోజు ఆయన చెప్పింది విని నాకు ఒళ్ళు జలదరించింది. "మనసులకు ఏదొస్తే అది రానియ్యుండ్రి. మంచిదని పట్టుకోవద్దు, చెడ్డదని తొయ్యొద్దు. ఏరకుండ్రి" అన్నారు. ఏరొద్దు అన్న మాట నేను అప్పటికే ఒక మేడ గదిలో విని ఉన్నాను. ఒకరు ఏరకుండా చెప్పమన్నారు. ఒకరు ఏరకుండా చూడమన్నారు. ఆవిడ, ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగేది. ఈయన, ఇది ఎక్కడికి పోతుందో చూడమనేవారు.

మూడు రోజులు ముక్కు కొస దగ్గర ఊపిరి. తర్వాత ఒళ్ళంతా, నడినెత్తి నుంచి అరికాలి దాకా, ఒక్కో చోట ఏం తెలుస్తుందో చూసుకుంటూ రావాలి. కుడి చేతి దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకేమీ తెలిసేది కాదు. భుజం తెలిసేది, మోచెయ్యి తెలిసేది, మణికట్టు కింద ఏమీ లేదు.

ఆరో రోజు పొద్దున అక్కడ ఒక పట్టు తెలిసింది. నా అరచేతిని ఎవరో పట్టుకుని ఉన్నారు. వేడి వేడి చెయ్యి. సన్నటి వేళ్ళు. నేను కళ్ళు తెరవలేదు. ఆ పట్టుతోపాటే ఆదివారం మధ్యాహ్నం మొత్తం వచ్చేసింది.

ఐసీయూలో నన్ను లోపలికి రానిచ్చారు. అమ్మాయి నా కుడి చెయ్యి పట్టుకుని ఉంది. నర్సు ఒక కాగితం తెచ్చి, అక్కడ బల్ల దగ్గర సంతకం పెట్టాలి రమ్మంది. మళ్ళీ రక్తం ఎక్కించడానికి. నేను లేవబోతే అమ్మాయి, "పోబాకమ్మా" అంది. "ఇప్పుడే వస్తా" అని చెయ్యి లాక్కున్నాను. లాక్కోవలసి వచ్చింది, వదల్లేదు మరి. నాలుగడుగుల దూరంలో బల్ల. రెండు చోట్ల సంతకం పెట్టాను. తిరిగి చూసేసరికి డాక్టర్లు మంచం చుట్టూ మూగి తెర లాగేశారు. ఆ తర్వాత దాని చెయ్యి నేను పట్టుకున్నాను గానీ అది నన్ను పట్టుకోలేదు.

ఇదంతా నేను మర్చిపోయానంటే నమ్ముతారో లేదో. మర్చిపోయాను. ఏడాది పాటు ఆ నాలుగడుగులు నా దగ్గర లేవు.

లేచి బయటికి వచ్చాను. మౌనం పాటించాలన్న నియమం గుర్తుకు రాలేదు. వరండాలో భంతే కూర్చుని ఉన్నారు. వెళ్ళి ఆయన ముందు కూలబడి, "నేను చెయ్యి లాక్కున్నానండీ" అన్నాను. అదే మాట ఎన్నిసార్లు అన్నానో నాకు తెలియదు. ఆయన నన్ను ఆపలేదు. అనిత్యం అనలేదు, ఊపిరి చూసుకోమనలేదు. నేను ఏడ్చినంతసేపు అక్కడే కూర్చుని, తర్వాత మంచినీళ్ళు తెప్పించారు.

"బిడ్డా, నువ్వు ఎవరితోనో మాట్లాడుకుంటున్నవట గదా, మీ ఊళ్ళె, మీ ఆయన చెప్పిండు. ఆమె దగ్గరికి పోయి ఇది చెప్పుకో. ఇది ఒంటిగా చూసేది కాదు. పక్కన ఇంకొక మనిషి ఉండాలె" అన్నారు.

నేను లేవబోతుంటే మళ్ళీ పిలిచారు.

"మీ ఆయన ఈడికి మూడుసార్లు వచ్చిండు. మస్తు కూసుంటడు. ఈగ వాలినా కదలడు. నాకు గదే భయం."

గురువారం మేడ గదిలో అదంతా చెప్పాను. చెప్పడం అయ్యాక వెనక్కి తిరిగి చూస్తే డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఇక చెయ్యి బాగవుతుందా అని అడిగాను.

"తెలియదమ్మా. చెయ్యి బాగుచెయ్యడం మన పని అనుకున్నాం. ఇప్పుడు చూస్తే ఆ చెయ్యి ఒక్కటే నిజం చెబుతూ వచ్చింది."

భంతే సంగతి చెబితే ఆవిడ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని అంది. "మా విద్యలో ఒక చిక్కుంది. మనిషికి తన కథ దొరుకుతుంది. దొరికిందని అందులోనే కాపురం పెడతాడు. వాళ్ళ దాంట్లో ఇంకో చిక్కుంది. ఈ కథ నాది కాదు, అసలు నేనన్నదే లేదు అంటూ మనిషి దాన్ని లోపల దాచేసుకుంటాడు. మీ భంతేకు ఆ సంగతి తెలిసినట్టుంది. మంచివాడు."

చెయ్యి కథల్లోలా ఆ రోజే లేవలేదు. సంక్రాంతి దాటాక బొటనవేలు, చూపుడువేలు కదిలాయి. ఆ తర్వాత మరో వేలు. చివరి రెండు వేళ్ళు ఈ రోజుకీ నా మాట వినవు. నన్ను కోర్టులో నకళ్ళ విభాగానికి మార్చారు.

ఆ వేసవిలో మా ఆయన నాలుగోసారి ధ్యాన కేంద్రానికి బయలుదేరి, మర్నాడే తిరిగొచ్చేశారు. సంచి గోడకు ఆనించి కుర్చీలో కూలబడ్డారు.

"ఏమైంది?"

"లోపలికి రానీలేదు."

"ఎవరు?"

"భంతే. నీ భార్య పోయేకాడికి పోయి రా, ఆ తర్వాత ఇక్కడ కూర్చోవచ్చు అన్నాడు." బడిలోంచి గెంటేసిన పిల్లాడిలా ఉంది ఆయన మొహం.

గురువారం నాతో వచ్చారు. డాక్టరమ్మ ఆయన కోసం ఇంకో కుర్చీ వేయించింది. ఆయన వెన్ను నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు దించుకుని కూర్చున్నారు. పావుగంట గడిచింది.

"మాస్టారూ, ఇప్పుడు దేన్ని చూస్తున్నారు?" అంది ఆవిడ.

"శ్వాసని."

"దాని వెనక ఏముంది?"

ఆయన క్లాసులో పాఠం చెప్పే గొంతుతోనే మొదలుపెట్టారు.

"సోమవారం మధ్యాహ్నం పిల్ల ఫోన్ చేసింది. పదో తరగతి వాళ్ళకి పాఠం చెబుతున్నా. కట్ చేశా. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశా. సాయంత్రం నేనే చేశా. జ్వరంగా ఉంది నాన్నా, ఇంటికి వస్తా అంది. పరీక్షలు గదమ్మా, మాత్ర వేసుకొని పడుకో అన్నా." నా వైపు చూడకుండా, "అమ్మకు చెప్పబాక, కంగారు పడుద్ది అన్నా" అన్నారు.

సోమవారం. వార్డెన్ నాకు ఫోన్ చేసింది గురువారం. ఆ మూడు రోజులూ నేను రోజూ అమ్మాయితో మాట్లాడాను. గొంతు అట్లా ఉందేమే అంటే, జలుబమ్మా అంది. నాన్న మాట నిలబెట్టింది.

నేను లేచి మెట్లు దిగి వచ్చేశాను. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా చూసుకోలేదు. ఎండలో నడిచి నడిచి బస్టాండులో కూర్చున్నాను. మాచర్ల బస్సు, వినుకొండ బస్సు, చిలకలూరిపేట బస్సు వస్తున్నాయి, పోతున్నాయి. ఎవరైనా అడిగితే ఏ ఊరు పోతున్నానని చెప్పాలో తెలియలేదు. పొద్దు వాలాక ఇంటికి వచ్చాను. ఆయన వాకిట్లో నిలబడి ఉన్నారు. పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయాను.

మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు. వండి పెట్టేదాన్ని, అంతే. సోమవారమే తెలిసుంటే పిల్ల బతికేదా? ఏ డాక్టరూ చెప్పలేడు. బతికేది కాదేమో. బతికేదేమో. ఈ రెండు మాటల మధ్యనే నా రోజులు గడిచాయి. క్షమించమని డాక్టరమ్మ ఒక్కసారి కూడా అనలేదు. "కోపంగా ఉండండి. కానీ ఆ కోపం ఎవరి మీదో ఎప్పటికప్పుడు చూసుకోండి" అంది. చూసుకుంటే సగం రోజులు ఆయన మీద ఉండేది. సగం రోజులు నా చేతి మీద. ఒక్కోరోజు, చెప్పనందుకు పిల్ల మీద కూడా ఉండేది. ఆ చివరిది ఒప్పుకోవడానికి నాకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. భంతే దగ్గర నేర్చుకున్న కూర్చోవడం అప్పుడు పనికొచ్చింది. కోపం వచ్చినప్పుడు లేచి గిన్నెలు విసరకుండా, అది గొంతులో, గుండెలో, కడుపులో ఎట్లా తిరుగుతుందో చూస్తూ కూర్చునేదాన్ని. పోయేది కాదు. కానీ నన్ను ఈడ్చుకుపోయేది కూడా కాదు.

ఆయన చాప పరచడం మానేశారు.

ఒకరోజు పొద్దున స్నానాల గదిలో కుళాయి నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగడం లేదు. నీళ్ళు వృథా అవుతున్నాయని చెప్పడానికి వెళ్ళాను. నీళ్ళ చప్పుడు కింద ఆయన ఏడుపు వినపడింది. దెబ్బ తిన్న పశువు మూలిగినట్టు ఉంది. ఆ ఏడుపు కోసమే నేను దాదాపు రెండేళ్ళు కాచుకుని ఉన్నాను. వింటే సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు. తలుపు కొట్టలేదు. ఆయన తువ్వాలు మర్చిపోయి లోపలికి వెళ్ళారు. అది తెచ్చి గడియకు తగిలించి వచ్చేశాను.

ఆ వారంలోనే నా చెయ్యి సంగతి ఆయనకు చెప్పాను. అన్నం దగ్గర. పోబాకమ్మా అంది, చెయ్యి లాక్కుని పోయాను అని. ఆయన అన్నం కలపడం ఆపేశారు.

"సంతకం పెట్టాల్సిందే గదే" అన్నారు. నాకు ఆ మాట చాలలేదు. అయినా విన్నాను.

మొన్న కార్తీకంలో భంతే పోయారని కబురు వచ్చింది. ఇద్దరం మాచర్ల బస్సెక్కాం. పిడుగురాళ్ళలో ఒక ముసలావిడ ఎక్కి ముగ్గురు కూర్చునే మా సీటులో మా ఆయన పక్కన కూర్చుంది. గురజాలలో మనవరాలి దగ్గరికి పోతోందట. తన ముగ్గురు కొడుకుల సంగతి చెప్పి, "నీకెంతమందయ్యా పిల్లలు?" అని అడిగింది.

నేను కిటికీ వైపు తిరిగాను.

"ఒక్క ఆడపిల్ల. చచ్చిపోయింది" అన్నారు మా ఆయన.

ముసలావిడ అయ్యో అనలేదు. ఒడిలో మూట సర్దుకుని, "ఎట్టా ఉండేదయ్యా?" అంది.

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. నవ్వితే పొలమారేదని, చెప్పులు ఎప్పుడూ తిరగేసి విడిచేదని, లెక్కలంటే ఏడ్చేదని, నన్నూ తననూ పోట్లాడుకోనిచ్చేది కాదని. మధ్యలో ఆగారు. ముసలావిడ తొందరపెట్టలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెప్పారు. బస్సులో ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు, ఆయన పట్టించుకోలేదు. ముక్కు అచ్చం తన తల్లి ముక్కే అన్నారు. కాదు, అది మా నాన్న ముక్కు. నేను సరిదిద్దలేదు. గురజాల వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు.